రైతుకు ఇన్‌కమ్ ట్యాక్స్ లేదన్నది సగం మాట



బందరు బస్టాండులోనైనా, గుడివాడ కొట్ల దగ్గరైనా, టీవీ చర్చల్లోనైనా ఒక మాట తరచూ వినపడుతుంది: "రైతుకేమయ్యా, ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు." ఉద్యోగస్తుడు ఈ మాటను ఎత్తిపొడుపుగా అంటాడు. మన రైతు అదే మాటను ధీమాగా అని, "మనకెందుకండీ ఆ గొడవ" అంటూ పాన్ కార్డును బీరువాలో పడేస్తాడు. ఇద్దరూ చెప్పేది సగం మాటే. మొదటి వాడి సగం మాట మన పరువు తీస్తోంది. రెండో వాడి సగం మాట మన జేబు కోస్తోంది. 2024-25 ఆర్థిక సంవత్సరంలో బ్యాంకులు కోసుకున్న డబ్బు తిరిగి అడిగే గడువు 2025 డిసెంబరు 31తో అయిపోయింది. అందుకే ఈ నెల గిట్టుబాటు ధర సంగతి కాస్త పక్కన పెట్టి ఈ పన్ను సంగతి రాస్తున్నాను.

ఇది ఎవరి దానమూ కాదు

ఈ దేశంలో 1860లో జేమ్స్ విల్సన్ ఇన్‌కమ్ ట్యాక్స్ తెచ్చినప్పుడు భూమి మీద వచ్చే ఆదాయాన్ని కూడా అందులో కలిపాడు. 1886 చట్టంలో సాగు ఆదాయాన్ని పక్కన పెట్టారు. తెల్లదొరకు రైతు మీద జాలి కలిగి కాదు. అదే భూమి మీద సర్కారు అప్పటికే శిస్తు వసూలు చేస్తోంది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగంలో కూడా సాగు ఆదాయం మీద పన్ను వేసే అధికారాన్ని రాష్ట్రాలకే ఇచ్చారు, కేంద్రానికి ఇవ్వలేదు. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(1) చెప్పింది అదే. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆ చట్టం స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల నెంబర్లు మారాయి గానీ సాగు ఆదాయం మినహాయింపు అలాగే ఉంది.

అయినా ఏడాదికోసారి ఎవరో ఒక పెద్దమనిషి ఢిల్లీలో కూర్చుని రైతు మీద పన్ను వేయాలంటాడు. 2017 ఏప్రిల్‌లో నీతి ఆయోగ్ సభ్యుడు బిబేక్ దేబ్రాయ్ ఒక పరిమితి దాటిన సాగు ఆదాయం మీద పన్ను వేయవచ్చన్నారు. అప్పటి ఆర్థిక మంత్రి అరుణ్ జైట్లీ అలాంటి ఆలోచన లేదని చెప్పాల్సి వచ్చింది. ఆ వాదన అక్కడితో ఆగలేదు, ఆగదు కూడా.

సరే, వాళ్ల మాటే విందాం. రేపు మినహాయింపు ఎత్తేశారనే అనుకుందాం. మన దివిసీమ చేలో లెక్క కడదాం. 2025-26లో సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. 75 కిలోల బస్తాకు 1,777 రూపాయలు పడుతుంది. ఎకరానికి 30 బస్తాలు పండి, తేమ పేరుతో మిల్లరు ఒక్క కిలో కూడా తరగు తీయకుండా కొన్నాడనుకుందాం. ఎకరానికి 53,310 రూపాయలు వస్తుంది. అయిదెకరాల రైతుకు 2,66,550. ఇందులో దుక్కి, నాట్లు, ఎరువు, మందు, కోత మిషను, కౌలు ఏదీ తీసేయలేదు. కొత్త పన్ను విధానంలో 2025-26కు 4 లక్షల వరకు అసలు పన్నే లేదు. మొత్తం ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు పోను పన్ను సున్నా. అంటే ఖర్చు ఒక్క రూపాయి కూడా తీసేయకుండా చూసినా సార్వా పంట మీద 22 ఎకరాల రైతు దాకా పన్ను పడదు. దాళ్వా గానీ మినుము గానీ కలుపుకోండి, పెట్టుబడి తీసేసి చూడండి, సంగతి పెద్దగా మారదు. 1973 భూసంస్కరణల చట్టం మాగాణికి పెట్టిన గరిష్ట పరిమితే 10 నుంచి 27 ఎకరాలు. ఇక పన్ను పడే వరి రైతు ఎవరయ్యా ఈ కృష్ణా డెల్టాలో?

పేరు మనది, లాభం ఎవరిది?

మరి ఆ మినహాయింపుతో ఎవరు బాగుపడుతున్నారు? 2019లో కాగ్ పార్లమెంటుకు ఇచ్చిన నివేదిక చూడండి. సాగు ఆదాయం చూపించి మినహాయింపు పొందిన కేసులను కాగ్ పరిశీలిస్తే, వాటిలో 22.5 శాతం కేసుల్లో సరైన పత్రాలు లేకుండానే, తగిన పరిశీలన లేకుండానే మినహాయింపు ఇచ్చేశారని తేలింది. అయిదెకరాల కౌలు రైతు ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు గడప తొక్కడు. అక్కడికి వెళ్లి కోట్లలో సాగు ఆదాయం చూపించేది వేరేవాళ్లు. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు, పేరు మనది, లాభం వాళ్లది. వాళ్లని పట్టుకోమంటే మనం అడ్డం రాము. పట్టుకోండి. వాళ్లని చూపించి మనల్ని ఎత్తిపొడవకండి.

పైగా రైతు పన్ను కట్టడం లేదని ఎవరన్నారు? 2017 నుంచి పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. ఎరువు మీద 5 శాతం. ట్రాక్టరు మీద ఎనిమిదేళ్లు 12 శాతం కట్టాక 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. డీజిలు మీద కేంద్రం ఒకటి, రాష్ట్రం ఒకటి. దుకాణదారుడైతే తాను కొన్న సరుకు మీద కట్టిన పన్నును తాను వసూలు చేసిన పన్నులో తగ్గించుకుంటాడు. మన వడ్ల మీద జీఎస్టీ లేదు కాబట్టి మనకు ఆ తగ్గింపూ లేదు. మందు డబ్బా మీద కట్టిన పన్ను మన నెత్తినే ఉండిపోతుంది. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి?

చెరువు తవ్వితే రైతు కాదట

ఇప్పుడు రెండో సగం మాట. "మనకు ట్యాక్స్ లేదు" అన్న ధీమా వరి, మినుము, చెరకు, పసుపు, కూరగాయల వరకే నిజం. చట్టం దృష్టిలో సాగు అంటే నేల దున్ని విత్తి పండించడం. చేపల చెరువు, రొయ్యల చెరువు, పాడి గేదెలు, కోళ్లు సాగు కిందకు రావు. అవి వ్యాపారం.

గుడివాడ పల్లపు భూముల నుంచి బందరు, నాగాయలంక, కోడూరు తీరం దాకా ఎన్ని వేల ఎకరాలు చెరువులయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. శివారుకు కాలువ నీరు రాక, ఉప్పు పైకి తన్ని, వరి గిట్టక చెరువు తవ్వినవాళ్లే ఎక్కువ. బ్యాంకు వాళ్లకు కిసాన్ క్రెడిట్ కార్డు ఇచ్చేటప్పుడు ఆక్వా రైతు రైతే. మంత్రి గారి ఉపన్యాసంలోనూ రైతే. ఇన్‌కమ్ ట్యాక్స్ కాడికొచ్చేసరికి మాత్రం వ్యాపారి. ఒక మనిషి ఒకే గట్టు మీద నిలబడి రెండు రకాలు ఎలా అవుతాడు?

ఇంతకంటే విడ్డూరం కౌలు సంగతి. మీ పొలం వరికి కౌలుకిచ్చి బస్తాలు గానీ రొక్కం గానీ తీసుకుంటే అది సాగు ఆదాయం, పన్ను లేదు. అదే పొలం చేపల చెరువుకు లీజుకిస్తే ఆ లీజు డబ్బు సాగు ఆదాయం కాదు. భూమి సాగుకు వాడితేనే దాని మీద కౌలు సాగు ఆదాయం అవుతుందని చట్టంలో ఉంది. ఈ సంగతి తెలియక లీజు డబ్బు బ్యాంకులో వేసుకుని నిశ్చింతగా ఉన్నవాళ్లు మన ఊళ్లలో చాలామంది. ఎకరం 80 వేల చొప్పున ఆరెకరాలు ఇచ్చారనుకోండి, ఏడాదికి 4,80,000. పన్ను పడదు. కానీ 4 లక్షలు దాటింది కాబట్టి రిటర్ను వేయాలి. వేయకపోతే ఏదో ఒక రోజు నోటీసు వస్తుంది.

చెరువు చేసే రైతుకు రిటర్ను భారం మాత్రమే కాదు, కవచం కూడా. తెల్లమచ్చ తెగులు తగిలి చెరువు ఎత్తిపోతే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, తర్వాత వచ్చే వ్యాపార లాభంలోంచి తగ్గించుకోవచ్చు. షరతు ఒక్కటే: గడువు లోపల రిటర్ను వేసి ఉండాలి. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పెంచాక రొయ్య రైతు పడిన పాట్లు చూశాం. నష్టపోయినవాళ్లు రిటర్ను గడువు దాటనివ్వకండి. మేత బిల్లులు, సీడ్ బిల్లులు, కరెంటు బిల్లులు ఇప్పటి నుంచే ఒక సంచిలో దాచండి. మరో సంగతి: వరసగా మూడేళ్లు రిటర్ను వేయనివాడు ఏడాదిలో ఒక బ్యాంకు నుంచి 20 లక్షలకు మించి నగదు తీస్తే, ఆ పైన తీసినదాని మీద బ్యాంకు 2 శాతం కోస్తుంది. మేతకు, కూలీలకు నగదు తీసే చెరువు రైతుకు ఇది ఎంత దెబ్బో ఆలోచించండి.

మూడు బస్తాల వడ్లు

పన్ను లేని వరి ఆదాయం ఇంకో దారిలో పన్ను తెచ్చిపెడుతుంది. 1973లో తెచ్చిన ఏర్పాటు ఇది. సాగు కాని ఆదాయం పరిమితి దాటి, సాగు ఆదాయం కూడా ఏడాదికి 5,000 దాటితే, సాగు ఆదాయాన్ని రేటు లెక్క కోసం కలుపుతారు. 5,000 అంటే ఇప్పటి ధరలో మూడు బస్తాల వడ్ల ఖరీదు కూడా కాదు.

ఒక లెక్క చూడండి. ఇద్దరు అన్నదమ్ములు. ఇద్దరికీ చెరువుల మీద చెరో 12 లక్షల నికర లాభం. అన్నకు పొలం లేదు. 2025-26 లెక్కన అతని పన్ను 60,000, రిబేటు 60,000, కట్టేది సున్నా. తమ్ముడికి వరి మీద మరో 2 లక్షలు మిగిలాయి. అప్పుడు 14 లక్షల మీద పన్ను 90,000 వేసి, అందులోంచి 6 లక్షల మీద పన్ను 10,000 తీసేస్తారు. 80,000లో రిబేటు 60,000 పోతే 20,000, సెస్సుతో కలిపి 20,800 కట్టాలి. వరికి పన్ను లేదన్నారు, వరి వేసినందుకే తమ్ముడికి 20,800 పడింది. జీతగాడు, పెన్షనుదారు, కొట్టు పెట్టుకున్నవాడు ఎవరైనా పొలం చేస్తుంటే ఇదే వరస.

పోనీ, లాభం కలిపినట్టే నష్టాన్నీ కలుపుతారా? కలపరు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను తీరం దాటినప్పుడు పడిపోయిన చేల నష్టాన్ని చెరువు లాభంలోంచి గానీ జీతంలోంచి గానీ తీసేసుకోనివ్వరు. పండితే లెక్కలోకి వస్తుంది, మునిగితే రాదు.

బ్యాంకు కోసిన డబ్బు

ఇది అందరికంటే ఎక్కువగా మన ముసలివాళ్లకు జరిగే అన్యాయం. అరవై దాటిన ఒక తల్లి పొలం అమ్మి 20 లక్షలు డిపాజిట్ చేసిందనుకోండి. 7 శాతం చొప్పున ఏడాదికి 1,40,000 వడ్డీ. ఆమెకు పన్ను సున్నా. కానీ వడ్డీ ఏడాదికి లక్ష దాటింది కాబట్టి బ్యాంకు 10 శాతం, అంటే 14,000 టీడీఎస్ కోస్తుంది. పాన్ ఇవ్వకపోయినా, పాన్‌కు ఆధార్ లింకు కాక అది చెల్లకుండా పోయినా 20 శాతం, 28,000. అరవై లోపు వాళ్లకు 50,000 వడ్డీ దాటితేనే ఈ కోత మొదలవుతుంది. 2024-25లో ఈ పరిమితులు ఇంకా తక్కువ: పెద్దవాళ్లకు 50,000, మిగతావాళ్లకు 40,000.

ఈ కోత ఆపడానికి ఒక కాగితం చాలు. 2025-26 దాకా అరవై దాటినవాళ్లు 15హెచ్, మిగతావాళ్లు 15జి ఫారం ఏడాది మొదట్లోనే ఇస్తే బ్యాంకు కోసేది కాదు. కోసేసి ఉంటే రిటర్ను వేస్తేనే వెనక్కి వస్తుంది. 2024-25లో కోసినదానికి ఆఖరు తేదీ 2025 డిసెంబరు 31. ఆదాయం పన్ను పరిమితి లోపే ఉన్నవాళ్లకు ఆలస్య రుసుము కూడా లేదు. ఆ తేదీ దాటితే మామూలు దారిలో ఆ డబ్బు మీద ఆశ వదులుకోవాల్సిందే. 2025-26 దాకా మీ పాన్ మీద ఎంత కోశారో 26ఏఎస్ అనే పత్రంలో కనపడుతుంది. నెట్ సెంటరులో తీయించి చూడండి.

పొలం అమ్మినవాళ్లకు

బందరు ఓడరేవు పనులు మొదలయ్యాక చుట్టుపక్కల భూములు చేతులు మారుతున్నాయి. పల్లెటూళ్లో సాగుభూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్ పన్ను లేదు. అయితే పల్లెటూరు అంటే ఏమిటో చట్టం గాలిలో కొలుస్తుంది. మున్సిపాలిటీ జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉంటే హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపు ఉంటే 6 కిలోమీటర్లు. ఆ లోపల ఉన్న భూమికి పన్ను ఉంది. బందరు, గుడివాడ రెండూ 2011 జనాభా లెక్కల్లో లక్ష దాటినవే. కాబట్టి వాటి చుట్టూ 6 కిలోమీటర్లు. పెడన, ఉయ్యూరు చుట్టూ 2 కిలోమీటర్లు. నాగాయలంక, కోడూరు వైపు ఈ బెడద లేదు.

ఆ గీత లోపల అమ్మినా దారి ఉంది. అమ్మేముందు రెండేళ్లు మీరు గానీ మీ తల్లిదండ్రులు గానీ సాగు చేసిన భూమి అయితే, అమ్మిన రెండేళ్ల లోపల వేరే సాగుభూమి కొంటే ఆ మేరకు పన్ను ఉండదు. 2013 భూసేకరణ చట్టం కింద ప్రభుత్వం తీసుకున్న భూమి పరిహారం మీద పన్ను లేదని 2016 అక్టోబరులో కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ కూడా ఇచ్చింది. అయితే బ్రోకరు ద్వారా మీరే అమ్ముకున్నదానికి ఇది వర్తించదు.

ట్యాక్సుకు మనిషి, పథకానికి ఇల్లు

ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో మొగుడు వేరు, పెళ్లాం వేరు, కొడుకు వేరు. ఎవరి పాన్ వారిది, ఎవరి 4 లక్షల పరిమితి వారిది. భార్యకు ఊరికే డబ్బిచ్చి డిపాజిట్ వేయిస్తే ఆ వడ్డీ మాత్రం భర్త ఆదాయంలోనే కలుస్తుంది. ఆమె సొంత సంపాదన, పుట్టింటి ఆస్తి మీద వచ్చేది ఆమెదే.

కానీ పథకం దగ్గరకొచ్చేసరికి ఇల్లంతా ఒకటే లెక్క. సచివాలయం వాళ్ల హౌస్‌హోల్డ్ మ్యాపింగులో ఒక్కరు ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టినట్టు కనపడితే ఇంటిల్లిపాదికీ బియ్యం కార్డు, పథకాలు ప్రశ్నార్థకం. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ వేరే కాపురం ఉన్న కొడుకు పేరు ఇంకా తండ్రి మ్యాపింగులోనే ఉంటుంది. వసూలు చేసుకునేటప్పుడు విడివిడిగా చూసి, ఇచ్చేటప్పుడు కలిపి చూస్తారా?

ఈ భయంతోనే చాలామంది "రిటర్ను వేస్తే కార్డు పోతుంది" అనుకుంటున్నారు. నిబంధన చదవండి. పీఎం కిసాన్‌లో అనర్హులు పన్ను కట్టినవాళ్లు. రిటర్ను వేయడం, పన్ను కట్టడం రెండూ ఒకటి కాదు. పన్ను సున్నా అని రిటర్ను వేసి తన టీడీఎస్ తాను వెనక్కి తీసుకున్నవాడు పన్ను కట్టినవాడు కాడు. అలా ఎవరి పేరైనా తీసేస్తే యూనియన్ దృష్టికి తీసుకురండి, సచివాలయంలో కూర్చుని తేల్చుకుందాం.

కౌలు రైతు ఎక్కడ?

ఆఖరుగా అసలు సంగతి. మినహాయింపు కావాలంటే సాగు చేసినట్టు రుజువు ఉండాలి. మన జిల్లాలో సాగు చేసేవాడు ఒకడు, కాగితం మీద పేరున్నవాడు ఇంకొకడు. 2019 చట్టం ప్రకారం వచ్చే సీసీఆర్‌సీ కార్డు గడువు 11 నెలలు. దానికి భూయజమాని సంతకం కావాలి, ఆయన పెట్టడు. ఈ-పంట నమోదు ఆయన పేరున జరిగితే వడ్ల డబ్బు కూడా ఆయన ఖాతాలోనే పడుతుంది. కౌలు రైతుకు చేతిలో రుజువు మిగలదు. రేపు అతను పిల్ల పెళ్లికని దాచుకున్న డబ్బు ఎక్కడిదని అడిగితే ఏం చూపిస్తాడు? చెమటకు మినహాయింపు లేదు, కాగితానికే ఉంది. కాబట్టి మన పోరాటం కాగితం కోసం కూడా.

మన డిమాండ్లు:

1. యజమాని సంతకం లేకుండానే కౌలు రైతుకు సాగు గుర్తింపు కార్డు ఇవ్వాలి. వడ్ల డబ్బు సాగు చేసినవాడి ఖాతాలోనే వేయాలి.
2. చిన్న ఆక్వా రైతును, ఒకటి రెండు గేదెల పాడి రైతును పన్ను విషయంలోనూ రైతుగానే చూడాలి.
3. రేటు లెక్కకు సాగు ఆదాయం కలిపే 5,000 పరిమితిని ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచాలి. లాభం కలిపితే నష్టాన్నీ కలపాలి.
4. పురుగుమందు మీద 18 శాతం జీఎస్టీ తగ్గించాలి.
5. సాగు పేరుతో కోట్లు దాచేవాళ్ల కేసులు పూర్తిగా పరిశీలించాలి.
6. ప్రతి రైతు సేవా కేంద్రంలో ఏప్రిల్‌లో టీడీఎస్ కోత ఆపే ఫారాలు నింపించే ఏర్పాటు చేయాలి.

ఈ డిమాండ్లు ఢిల్లీకి, అమరావతికి. మన ఊళ్లో మన చేతిలో ఉన్న పని ఒకటుంది. ప్రతి గ్రామ కమిటీ ఊళ్లో డిపాజిట్ ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లాలి. పాన్‌కు ఆధార్ లింకు అయ్యిందో లేదో చూడాలి, టీడీఎస్ పత్రం తీయించాలి, డబ్బు కోసి ఉంటే గడువు లోపల రిటర్ను వేయించాలి. కోతలు, నూర్పిళ్ల హడావుడి నాకూ తెలుసు. అయినా ఆ తల్లి వడ్డీలో పోయే 14,000 ఎనిమిది బస్తాల వడ్ల ఖరీదు. కల్లంలో ఎనిమిది బస్తాలు ఎవడైనా ఎత్తుకుపోతే ఊరుకుంటామా?